పన్నెండో వారం, ఎడమ పిక్క

మగ శరీరాన్ని ఆడ శరీరంగా మార్చే హార్మోన్లు మొదలుపెట్టిన పన్నెండో వారంలో నా ఎడమ కాలి సిరలో రక్తం గడ్డ కట్టింది. అది జరిగి ఇప్పుడు తొమ్మిదో నెల. రక్తం పలచబరిచే మాత్రలు ఇంకా వేసుకుంటూనే ఉన్నాను గానీ, నిద్రలో ఉలిక్కిపడి లేచి కాలు తడుముకోవడం తగ్గింది. అందుకే రాయగలుగుతున్నాను. ఇంతకుముందు రాద్దామని కూర్చుంటే ఆ డ్యూటీ డాక్టరు మాటే చెవిలో మోగేది, మిగతావేవీ కలం దాకా వచ్చేవి కావు.

మొదట్లో అంతా బాగానే ఉంది. పరీక్షలు, సంతకాలు, వీర్యకణాలు భద్రపరుచుకుంటావా అన్న ప్రశ్న, ఆలోచించుకోవడానికి పది రోజులు, ఇవన్నీ దాటి ఒకరోజు రెండు రకాల మాత్రలతో ఇంటికొచ్చాను. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను రకమైన ఎస్ట్రడయాల్ ఒకటి, స్పైరనోలాక్టోన్ ఒకటి. రెండోది అసలు బీపీకీ, ఒంట్లో చేరిన నీరు దిగడానికీ ఇచ్చే మందు. మగ హార్మోను టెస్టోస్టెరాన్‌ని పని చెయ్యనివ్వకుండా అడ్డుపడటం దాని రెండో ఉద్యోగం. మొదటి ఉద్యోగం మాత్రం మానుకోదు. రాత్రి మూడుసార్లు బాత్రూముకి పరుగు, పొద్దున్న మంచం దిగితే కళ్ళు తిరగడం. ఆడతనం సంగతేమోగానీ ముందు నాకు దాహం వచ్చింది.

తొలి మార్పు పట్టింది ముక్కు. నాలుగో వారమో ఐదో వారమో, విడిచిన చొక్కా వాసన చూసి ఇది నాది కాదేమో అనుకున్నాను. పదమూడో ఏట నుంచి నన్ను వెంటాడిన ఆ ఘాటు చెమట కంపు లేదు. మనిషి మారడం ఇలా మాసిన బట్టల బుట్టలో మొదలవుతుందని ఎవరూ చెప్పలేదు. తర్వాత పొద్దున్నే శరీరం తన మానాన తాను చేసే హడావుడి ఆగిపోయింది. ఎన్నేళ్ళుగానో తలలో రొద పెడుతున్న కోరిక ఎవరో రేడియో గొంతు తగ్గించినట్టు తగ్గింది. ముఖం మీద జిడ్డు పోయి మోచేతుల దగ్గర పొలుసులు లేచాయి. చలి ఎక్కువైంది. కన్నీళ్ళు కూడా. గొంతు మాత్రం ఏమీ మారలేదు, మారదు కూడా. మగ యుక్తవయసులో ఒకసారి చిక్కబడిన స్వరతంత్రుల్ని ఈస్ట్రోజన్ వెనక్కి తీసుకురాలేదు, దానికి విడిగా సాధన చెయ్యాల్సిందే.

ఏడో వారంలో తలుపు గడియ ఛాతీకి తగిలింది. చిన్న దెబ్బే, కానీ ప్రాణం జివ్వుమంది. స్నానాల గదిలోకి వెళ్ళి వేలితో నొక్కి చూస్తే ఎడమ చనుమొన కింద రూపాయి బిళ్ళకన్నా చిన్నదైన గట్టి బిళ్ళ. కుడివైపు ఏమీ లేదు. బోర్లా పడుకోలేను, బ్యాగు పట్టీ ఆ వైపు వెయ్యలేను. ఆ నొప్పి అంటే ఎంత ముద్దో చెప్పలేను. పదేపదే నొక్కి చూసుకునేదాన్ని, ఇంకా ఉందో లేదో అని.

అక్కడే దురాశ పుట్టింది.

ఆరో వారం రక్తపరీక్షలో ఎస్ట్రడయాల్ 84 అని వచ్చింది. నా డాక్టరమ్మ చెప్పిన లక్ష్యం మిల్లీలీటరుకి 100 నుంచి 200 పికోగ్రాములు. టెస్టోస్టెరాన్ డెసిలీటరుకి 50 నానోగ్రాముల లోపు ఉండాలి, నాది ఇంకా పైనే ఉంది. "తొందరేం లేదు, నెమ్మదిగా పెంచుదాం" అందావిడ. ఆడపిల్లలకైనా ఏళ్ళు పట్టే పని ఇది, మనకీ రెండు మూడేళ్ళు పడుతుంది అని కూడా అంది. తల ఊపాను. ఇంటికొచ్చాక 84 అన్న అంకె సగానికి పైగా మార్కులు పోయిన పేపరులా కనబడింది. నాకు ముప్పై ఒకటి. ఇంకా నెమ్మది ఏమిటి? ఎవరో చెప్పారు, గర్భం రాకుండా వేసుకునే మాత్రలు రోజుకి రెండు కలుపుకుంటే పని త్వరగా అవుతుందని. ఎనిమిదో వారం నుంచి కలిపాను. డాక్టరమ్మకి చెప్పలేదు. రోజుకి మూడు సిగరెట్లు కాలుస్తానని కూడా చెప్పలేదు. అడిగినప్పుడు "మానేశాను" అన్నాను.

ఆ మాత్రల్లో ఉండేది ఎథినైల్ ఎస్ట్రడయాల్. ఒంట్లో పుట్టే ఈస్ట్రోజన్ లాంటిదే గానీ, కాలేయం దాన్ని తొందరగా విరగ్గొట్టలేదు. అందుకే రక్తం గడ్డ కట్టించే పదార్థాలు తయారయ్యేలా కాలేయాన్ని ఎక్కువగా రెచ్చగొడుతుంది. ఈ చికిత్సలో దాన్ని వాడొద్దని వైద్య మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పేశాయి. ఇంకో తిరకాసు ఉంది. మామూలు ఎస్ట్రడయాల్ పరీక్షకి అది చిక్కదు. పదకొండో వారంలో మళ్ళీ రక్తం ఇస్తే 91 వచ్చింది. డాక్టరమ్మకి అది మామూలు అంకె. నా లోపల ఏం పోస్తున్నానో ఆ కాగితం మీద ఎక్కడా లేదు. అబద్ధం చెప్పింది నేను, ఆ అబద్ధానికి సాక్ష్యం చెప్పింది పరీక్ష.

పన్నెండో వారంలో పది గంటల ప్రయాణం చేసి వచ్చాను. మర్నాడు ఎడమ పిక్క పట్టేసినట్టయింది. స్పైరనోలాక్టోన్ వల్ల ఇలా పట్టేస్తుందని చదివాను కాబట్టి నూనె రాసుకుని పడుకున్నాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసరికి నొప్పి తీరు మారింది. పట్టేసిన నొప్పి వదులుతుంది, ఇది వదలడం లేదు, లోపల్నుంచి ఉబ్బుతోంది. అక్క లేచి లైటు వేసి కాలు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "ఇదేంటి ఇంత కాలిపోతోంది" అంది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూశాం. ఎడమది నున్నగా మెరుస్తోంది, ఇంకెవరి కాలో తెచ్చి అతికించినట్టు.

ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు కుర్రవాడే. ఫైలు చూశాడు, పేరు చూశాడు, నా ముఖం చూశాడు. ఏ మందులు వాడుతున్నావని అడిగాడు. హార్మోన్లని చెప్పాను. కలం కింద పెట్టేశాడు.

"కోరి తెచ్చుకున్నదేగా. కొంచెం ఓర్చుకోవాలి మరి."

నొప్పి మాత్ర రాసి పక్క మంచానికి వెళ్ళిపోయాడు. కాలు మీద దుప్పటి అలాగే ఉంది. దాన్ని ఎత్తి చూడలేదు.

ఈ తొమ్మిది నెలల్లో ఆ మాటని ఎన్ని రకాలుగా తిరగేశానో. నిజానికి ఆయన అనుకున్న కారణం తప్పు కాదు. హార్మోన్ల వల్లే వచ్చింది, నా తెలివితక్కువ వల్ల ఇంకా వచ్చింది. కానీ కారణం దొరికిపోయిందనుకున్నాక ఆయనకి కాలుతో పని లేకపోయింది. ఈస్ట్రోజన్ వాడే మనిషి పిక్క నొప్పి అంటే ముందు అనుమానించాల్సింది రక్తం గడ్డనే అని పుస్తకంలో చదువుకునే ఉంటాడు. నన్ను చూసి ఆ పేజీ మర్చిపోయాడు. కోరి తెచ్చుకున్నవాళ్ళకి సిరలుండవా?

నర్సు వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మాత్ర ఇవ్వబోతూ దుప్పటి తొలగించింది, ఆగింది. జేబులోంచి కొలత టేపు తీసి మోకాలి కింద బుడిపె నుంచి పది సెంటీమీటర్లు కిందికి వేలితో గుర్తు పెట్టుకుని రెండు పిక్కలూ కొలిచింది. కుడి 35.5. ఎడమ 39. టేపు మడిచి, "ఈవిడకి డాప్లర్ కావాలి, పెద్ద డాక్టరుగారిని లేపండి" అని గట్టిగా కేకేసింది. డాప్లర్ అంటే సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్.

ఈవిడ. తెలుగులో "నేను వచ్చాను, నేను వెళ్ళాను" అన్నప్పుడు ఆడా మగా తెలియదు, ముప్పై ఏళ్ళు ఆ చాటునే బతికాను. చాలాసార్లు పక్కవాళ్ళు నోరు తెరిస్తే గానీ మన లింగం బయటపడదు. ఆ రాత్రి అంత నొప్పిలోనూ ఆ మాట విన్నాను.

మోకాలి వెనక సిరలో గడ్డ. బొడ్డు పక్కన సూది మందు పొడిచారు. కదలకుండా పడుకోమన్నారు. ఆయాసం వచ్చినా, గుండెలో పొడిచినట్టున్నా, దగ్గులో రక్తం పడినా వెంటనే పిలవమన్నారు. ఆ గడ్డలో ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో పెద్ద డాక్టరు రెండే మాటల్లో చెప్పాడు. ఆ తర్వాత తెల్లారేదాకా నేను చేసిన పని ఊపిరి లెక్కపెట్టుకోవడం. లోపలికి, బయటికి. ఛాతీలో ఎడమవైపు సలుపుతుంటే ఇదే అదేమో అని బిగుసుకుపోయాను. కాసేపటికి అర్థమైంది, అది నా బిళ్ళ. రొమ్ము మొలుస్తున్న నొప్పో ప్రాణం పోతున్న నొప్పో తెలియకుండా అలాగే పడుకున్నాను. ఆ మాత్రలు వేసుకున్న చేతిని నరికేసుకోవాలనిపించింది. అంతలోనే, ఇప్పుడు అన్నీ ఆపేస్తారేమో, ఈ బిళ్ళ కరిగిపోతుందేమో అని ఇంకో భయం. సిగ్గులేని భయం. చావు కన్నా అదే ఎక్కువగా ఉన్న క్షణాలున్నాయి.

నాలుగున్నరకి నర్సు వస్తే గర్భనిరోధక మాత్రల సంగతి ఆవిడకి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "ఎన్ని? ఎప్పట్నుంచి?" అని అడిగి రాసుకుంది. పొద్దున రిజిస్టరులో ఎవరో "పేషెంటుకి ఏమవుతారు" అంటే అక్క "మా చెల్లి" అంది. అంతకుముందు రోజు దాకా నన్ను ఒరేయ్ అనే పిలిచేది. వీల్‌చైర్ తోస్తూ, "ఏమే, సిగరెట్లు కూడానా?" అని వీపు మీద ఒకటి వేసింది.

డ్యూటీ డాక్టరు మళ్ళీ వచ్చాడు. "మందు మొదలుపెట్టేశాం కదా, పర్లేదు" అన్నాడు. అంతే. ఏదైనా అంటాడేమోనని ఎదురుచూశాను. ఇంకా ఎదురుచూస్తున్నానేమో.

నా డాక్టరమ్మ మాత్రం అరగంట కూర్చోబెట్టింది. ఈస్ట్రోజన్ ఐదు వారాలు ఆపింది. బిళ్ళ మెత్తబడింది, పూర్తిగా పోలేదు. చెమట వాసన కాస్త కాస్తగా తిరిగొస్తుంటే చొక్కా పట్టుకుని ఏడ్చాను. రక్తం పలచబరిచే మాత్రలు కుదురుకున్నాక ఈసారి చర్మానికి అంటించుకునే ప్యాచ్ ఇచ్చింది. అది కాలేయం మీద ముందుగా పడకుండా నేరుగా రక్తంలోకి ఇంకుతుంది కాబట్టి గడ్డ కట్టే ముప్పు మాత్రలకన్నా తక్కువ. వారానికి రెండుసార్లు మార్చాలి. అంచులకి దూది నలుసులు అంటుకుని అసహ్యంగా ఉంటుంది. "నువ్వు చెప్పి ఉంటే మొదట్లోనే ప్యాచ్ ఇచ్చేదాన్ని, సిగరెట్ల సంగతైనా" అంది. నేనెందుకు దాచానో కూడా ఆవిడే చెప్పింది: సిగరెట్లున్నాయంటే మందు ఇవ్వరేమోనని. నిజమే. మాలో చాలామంది దాచేది అందుకే. పద్దెనిమిది చోట్ల తలుపులు మూసుకున్నాక తెరిచిన ఒక్క తలుపు దగ్గర నిజం చెప్పడానికి నోరు రాదు. అయినా చెప్పండి. ఆ అంకెలు చూసి కంగారు పడకండి, పక్కవాళ్ళ మాత్రలు మింగకండి. ఒక కాలు వాచి, వేడిగా ఉండి, నొప్పి వదలకపోతే నూనె రాయకండి, మర్దన అసలే వద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ దుప్పటి తియ్యకుండా పంపించేస్తే మీరే తీసి చూపించండి.

అమ్మ మొక్కుకుంది. ఏమని మొక్కుకుందో అడిగితే చెప్పదు. నేను పాత కొడుకై తిరిగి రావాలనో, బతికి రావాలనో. రెండోదే అనుకుంటున్నాను. ఈమధ్య నా బట్టలు విడిగా ఉతకడం లేదు.

కుడివైపు కూడా మొదలైంది, మూడు నెలలు ఆలస్యంగా. అక్క ఒక టేపు కొంది. ఆదివారం రాత్రి పిక్కలు కొలిచి క్యాలెండరు వెనక రాస్తుంది. ఎడమది ఇంకా అర సెంటీమీటరు ఎక్కువే. కొలిచాక టేపు నా చేతికిచ్చి, "ఆ పైది నువ్వే చూసుకో" అని అవతలి గదిలోకి వెళ్ళిపోతుంది.