పేరు రాయని ట్యూబు

చికున్‌గున్యా తగ్గి మూడు వారాలైంది, డ్యూటీకి పోబట్టి ఇయ్యాల్టికి నాలుగో రోజు. పొద్దుగాల బ్రష్ పట్టుకుందామంటే వేళ్లు ముడుసుకుంటలేవు, అదన్న సరే, తలకాయే సరిగ్గ పనిచేస్తలేదు.

క్లాక్ టవర్ దిక్కున్న మా ల్యాబుల పొద్దున మస్తు రష్. ఒకక్కకు రక్తం తీసిన, దూది పెట్టి చెయ్యి మడవమన్న, పర్పుల్ మూత ట్యూబును మెల్లగ అటిటు తిప్పి కలిపిన, పెన్ను తీసిన... పేరు యాదికొస్తలేదు. అడిగి రెండు నిమిషాలు గూడ కాలే. ఆమె లేచి బయటికి పోయింది, కుర్చీల ఇంకొకాయన కూసున్నడు, నా చేతిల ట్యూబు ఇంకా వెచ్చగనే ఉంది, లేబుల్ మాత్రం తెల్లగ. పద్నాలుగేండ్ల సర్వీసుల ఇట్ల ఎన్నడు కాలే. దాన్ని పడేసి, బెంచీ మీదున్న ఆమెను పిలిచి "అక్కా, ఇంకోసారి ఇయ్యాలె" అంటే ఆమె సూసిన సూపు ఇంకా గుచ్చుతనే ఉంది.

నవ్వొచ్చేదేందంటే రోజుకెంతమందికో సీఆర్పీ రిపోర్టు, అంటే ఒంట్లె వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష, ఇచ్చేటోణ్ణి నేనే. ఒంట్లె వాపు ఉన్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు మోసే ప్రోటీన్ చెప్తేనే లివర్ ఆ సీఆర్పీని తయారుజేస్తది. అదీ, దాని అసొంటియే ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ ఊకోవు గద, కొంత రక్తంల కెళ్లి కొంత మెదడును కడుపుతోని కలిపే వేగస్ నరం మీది కెళ్లి మెదడుకు గూడ కబురు పంపుతయ్. అక్కడ మైక్రోగ్లియా అని కావలి కణాలు ఉంటయ్, 1919ల స్పెయిన్ డాక్టర్ రియో ఒర్తేగా పెట్టిన పేరు. కబురు అందంగనే అవి రెచ్చిపోతయ్, కొత్త సంగతులు పదిలం జేసే హిప్పోక్యాంపస్‌ల నరాల అతుకులు సరిగ్గ పడవు. అందుకే పదో తరగతి హాల్ టికెట్ నంబర్ నోటికొస్తది, ఇప్పుడే ఇన్న పేరు నిలవది.

పోయినేడు అవ్వకు ఇంతకంటే ఘోరం. రాత్రికి రాత్రి మారిపోయింది, నన్ను తాత అనుకొని "ఎడ్లను కట్టేసినవా" అని అడుగుడు, ఎడ్లను అమ్మి ఇరవై ఏండ్లాయె. చిన్నమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది, మామ ఇగ ముసలితనం అన్నడు. జ్వరం గూడ లేదు. నాకే అనుమానమొచ్చి యూరిన్ తెచ్చి మైక్రోస్కోప్ కింద పెడ్తే ఫీల్డ్ నిండ చీము కణాలు. ముసలోళ్లకు మూత్రంల ఇన్ఫెక్షన్ ఒక్కోసారి ఇట్ల మతి తప్పినట్టే బయటపడ్తది. యాంటీబయాటిక్ షురూ అయిన నాలుగో దినం నన్ను నా పేరు పెట్టి పిలిచింది, మొత్తం తేరుకునేసరికి నెల పట్టింది. ఇంట్ల క్రెడిట్ మాత్రం తాయెత్తుకే, ఇంకా చేతికే ఉంది.

సాయంత్రం పానగల్లుకు ఫోన్ జేసి అవ్వకు ట్యూబు సంగతి చెప్పిన. కాసేపు నవ్వి, "నాది ఇప్పి పంపాల్నా కొడుకా?" అన్నది.