కనుమ మర్నాడు మా వంటింట్లో

కనుమ నాడు మినుము తినాలని అమ్మ ప్రతిసారీ గారెలు లెక్కకు మించి వండేస్తుంది, మర్నాటికి అవి తోలులా సాగుతుంటాయి. పారేయక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్లలో 5 నిమిషాలు నానబెట్టి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, కాస్త పాలు కలిపి చిలికిన పెరుగులో వేసి, ఆవాలు, ఇంగువ, అల్లం, కరివేపాకుతో తాలింపు పెడితే సాయంత్రానికి ఆవడలు రెడీ (పాలు కలపకపోతే పెరుగు పులిసిపోతుంది, నాకు ఒకసారి అలాగే అయింది). పెరుగు పడనివాళ్లకు వేడి చారులో వేసి ఇవ్వండి. బూరెలకు చేసిన పూర్ణం మిగిలితే చపాతీలో పెట్టి నేతిలో కాలుస్తాను, బొబ్బట్టు కాదుగానీ మా పిల్లలకి తేడా తెలీదు. పులిహోర జోలికి మాత్రం వెళ్లను, అది రెండోరోజే బాగుంటుంది. అరిసెల గురించి టెన్షన్ లేదు, తడి తగలకుండా డబ్బాలో పెడితే పది రోజులైనా ఉంటాయి.