నాయన కట్టిన వాయిదాలు, మాకు వచ్చిన సేల్ డీడ్

మహబూబ్‌నగర్‌లో మేముండే ఇల్లు హౌసింగ్ బోర్డు హైర్ పర్చేజ్ పద్ధతిలో ఇచ్చింది. వాయిదాలన్నీ తీరేదాకా మనం కిరాయిదార్ల లెక్కే. ఆ తర్వాతే ఇల్లు మన పేరున రాసిచ్చే సేల్ డీడ్. నాయన అన్నీ కట్టారు గానీ రిజిస్ట్రేషన్ కాకముందే పోయారు.

దాంతో ముందు మేం వారసులమని చూపించాల్సి వచ్చింది. మీసేవలో దరఖాస్తు పెట్టి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నాం. అలాట్‌మెంట్ లెటర్, డెత్ సర్టిఫికెట్, వాయిదా రసీదులు జతచేశాం. బాకీ లేదని తేల్చేది ఆ రసీదులే. చదువు రాని మా అమ్మ వాటిని ఏడాదికో కట్టగా దారంతో కట్టి ఇనప పెట్టెలో దాచింది. ఒక్కటీ పోలేదు. ఆమె జాగ్రత్త లేకపోతే ఈ ఇల్లు మాకు దక్కేది కాదని నా నమ్మకం.

నాయన సొంత సంపాదన కాబట్టి అమ్మకు, అక్కకు, నాకు సమాన వాటా. అక్క వదులుకుంటానంది. "ఆడపిల్లకు పుట్టింట్ల భాగముండొద్దా?" అని అమ్మ ఒప్పుకోలేదు. ముగ్గురి పేరునా రాయించాం. తెలంగాణలో మామూలు సేల్ డీడ్‌కు స్టాంపు డ్యూటీ, ఫీజులు కలిపి 2021 నుంచి 7.5 శాతం అవుతున్నాయి. ఆ డబ్బు ముందే చూసుకోవాలి.

మా కాగితాలు చూసి పక్కింటి అన్న, "తమ్మీ, మరి నాదెట్ల?" అన్నాడు. ఆయన ఆ ఇంటిని బోర్డు మొదట కేటాయించిన మనిషి (అలాటీ) దగ్గర జీపీఏ మీద, అంటే తన తరఫున వ్యవహరించమని రాసిచ్చే అధికార పత్రం మీద కొన్నాడు. జీపీఏతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాటీ లేడు, వారసులు ఎక్కడున్నారో తెలియదు. డబ్బంతా ఇచ్చినా ఇల్లు ఆయన పేరు మీద లేదు. లాయర్‌ను కలవమని చెప్పాను.

కాలనీలో సగానికి పైగా ఇళ్ల మీద అంతస్తులు లేచి కిరాయిలకు వెళ్లాయి. బ్రిటన్‌లోనూ 1980 చట్టంతో కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) ఇళ్లను అందులో అద్దెకున్నవాళ్లకే తగ్గింపు ధరకు అమ్మారు. అమ్మినన్ని మళ్లీ కట్టలేదు, చాలా ఇళ్లు ప్రైవేటు కిరాయిలకు చేరాయి. చివరికి స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో అలా కొనుక్కునే హక్కునే తీసేశాయి. ఇల్లు సొంతం కావడం మా కుటుంబానికి ఎంత ధైర్యమో చెప్పలేను, అమ్మకం తప్పని కూడా అనను. కానీ అమ్మినచోటల్లా కొత్తవి కట్టాలి, కొన్నయినా తక్కువ కిరాయికి ఉంచాలి.

మా మేడ మీద కిరాయికుండే అచ్చంపేట ఆమె ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు పెట్టింది. ఇల్లు కట్టుకోవడానికి సర్కారిచ్చే ఆ 5 లక్షల సాయం ముందు సొంత జాగా ఉన్నవాళ్లకే. ఆమెకు జాగా లేదు.