ఫాయిల్ చుట్టని సీసా

విదేశంలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన ఉద్యోగం, వినేవాళ్లకు గొప్పగానే ఉంటుంది. నా మటుకు నాకు అది రెండేళ్ల కాంట్రాక్టు, దాన్ని పట్టుకుని వేలాడే వీసా, ట్రేల నిండా టమాటా మొలకలు.

మొలకల్ని ఇనుము లేని పోషక ద్రావణంలో పెంచుతాం. కొన్నాళ్లకు లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఆ కరువులో వేళ్లు నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసుకుంటాయి. ఇనుమును లోపలికి లాక్కునే జన్యువుల్ని తట్టిలేపే సంకేతాల్లో ఆ వాయువు ఒకటి. మన రక్తనాళాల్లోనూ సంకేతాలు మోసేది ఇదేనని తేల్చిన ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. మొక్కల్లో లెక్క అంత తేలిగ్గా తేలలేదు. దీన్ని తయారుచేసే ఎంజైమ్ దొరికిందని 2003లో ప్రకటించారు. తర్వాత అది ఆ పని చేయదని తెలిసి, పేరే మార్చాల్సి వచ్చింది. నైట్రేట్ రిడక్టేజ్ అనే మరో ఎంజైమ్ పాత్ర మాత్రం గట్టిగా నిలబడింది.

ఆ కథంతా చదివి కూడా నేను బోల్తా పడ్డాను.

బయటి నుంచి ఈ వాయువు అందించడానికి సోడియం నైట్రోప్రస్సైడ్ వాడేవాణ్ణి. వేసిన కొద్ది రోజులకే ఆకులు పచ్చబడ్డాయి. ఆ ఫొటో ఎన్నిసార్లు చూసుకున్నానో! కాంట్రాక్టు ఇంకా ఐదు నెలలే ఉంది, పేపర్ రాసేయొచ్చు అనుకున్నా. ఒక సోమవారం చూస్తే, కిటికీ పక్కన ఫాయిల్ చుట్టకుండా వదిలేసిన నైట్రోప్రస్సైడ్ సీసా కనిపించింది. ఎర్రగా ఉండాల్సిన ద్రావణం నీలంగా మారింది. వెలుతురుకి విరిగిపోయింది, అందులో వాయువు ఇంకేం మిగిలి ఉంటుంది? కానీ పోయిన వారం మొక్కలకు పోసింది ఆ సీసాలోదే. అవీ పచ్చబడ్డాయి.

సీసా పారబోసి ఊరుకుందామనిపించింది, అబద్ధమెందుకు. మీటింగులో తప్పు ఒప్పుకోవడమే కష్టం, అదీ పరాయి భాషలో. రాత్రంతా వాక్యాలు కూర్చుకుని, పొద్దున ఒకే ముక్క అన్నాను: "నా కంట్రోల్ తప్పు." అంటే, పచ్చదనం వాయువు వల్లేనా అని పోల్చి చూసే ట్రేను నేను సరిగ్గా పెట్టుకోలేదని.

బాస్ కోప్పడలేదు. బోర్డు మీద నైట్రోప్రస్సైడ్ ఫార్ములా రాసి, మధ్యలో ఉన్న 'ఎఫ్ఈ' చుట్టూ సున్నా చుట్టింది. ఇనుము! ఇనుము కోసం మాడుతున్న మొక్కకు నేను పోసింది ఇనుమే. పైగా దాంతోపాటు సైనైడ్ కూడా. రోజూ తూచే డబ్బా మీద ఉన్న ఫార్ములానే అది.

మళ్లీ మొదటి నుంచి. ఈసారి అదే వాయువును వదిలే, కానీ ఇనుము లేని నైట్రోసోగ్లూటాథయోన్ తీసుకున్నాను. పక్కనే ఆ వాయువును పీల్చేసే రసాయనం కలిపిన ట్రే ఒకటి, వాయువు వదలని ఉత్త గ్లూటాథయోన్ ట్రే ఒకటి. ఆకులు పచ్చబడ్డాయి, మొదటి ఫొటోలో ఉన్నంత కాదు, సగం కూడా లేదేమో. వాయువును పీల్చేసిన ట్రేలో పసుపు పసుపుగానే ఉండిపోయింది. ఫోన్లో అమ్మ, "నీ మొక్కలు పచ్చబడ్డాయా?" అంటే, "కొంచెమేనమ్మా" అన్నాను. ఆవిడ జాలిపడింది. నాకేమో ఆ కొంచెమే కావాలి.