మధ్యాహ్న విరామానికి ఖాళీ కాలమ్‌లు

యుఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా మామూలుగా కార్మికులతో ఎండలో పని చేయించకూడదు. వెల్డర్లకూ, బరువులు ఎత్తి దించే రిగ్గర్లకూ అది కాస్త ఊపిరి పీల్చుకునే వేళ. అబూధాబీలో టైమ్‌కీపర్‌గా పనిచేసే నాకు మాత్రం హాజరు షీటు రూపమే మారిపోతుంది. మామూలు నెలల్లో తేదీకో కాలమ్ చాలు. ఎండాకాలంలో పొద్దుటి గంటలు ఒకచోట, సాయంత్రం గంటలు మరోచోట రాయాలి కనుక ప్రతి తేదీ పక్కన ఒక ఖాళీ కాలమ్ చేర్చాలి. జూన్‌కే 16 అవుతాయి.

ఈ ఏడాది ఆ కాలమ్‌లు చేర్చే రోజుకు నేను సెలవు మీద మా శ్రీకాకుళం జిల్లా కంచిలిలో ఉన్నాను. పనస పండ్ల రోజుల్లో సెలవు దొరికితే ఎవరు వదులుకుంటారు? షీటు పని ఎన్ ఎయిట్ ఎన్ (n8n) అనే, చెప్పిన వేళకు పనులు తనంతట తానే చేసే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి వచ్చాను. అది మామూలుగా న్యూయార్క్ సమయం పట్టుకుని కూర్చుంటుంది, ముందు దుబాయ్ సమయానికి మార్చాలి. నేను వాడే వెర్షన్‌లో గూగుల్ షీట్స్ కాలమ్‌లను తీసేయడానికి సిద్ధంగా ఒక ఆప్షన్ ఉంది, చేర్చడానికి లేదు! అందుకని హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌తో నేరుగా గూగుల్‌కు కాలమ్ చేర్చమనే ‘ఇన్‌సర్ట్ డైమెన్షన్’ ఆదేశం పంపుతాను. షీటును పేరుతో కాదు, లింకు చివర ఉండే నంబరుతో చెప్పాలి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి సి కాలమ్ అంటే 2.

ఆదేశాలు వరుసగా అమలవుతాయి. పంక్తి మధ్యలో ఒకరిని కూర్చోబెడితే ఆ తర్వాతివాళ్లంతా జరిగినట్టు, ఒక కాలమ్ చేరగానే కుడివైపు నంబర్లన్నీ మారిపోతాయి. 30వ తేదీ నుంచి వెనక్కి వస్తే ఆ బాధ లేదు. ఇంకో చిక్కు చివరన గంటలన్నీ కూడే ‘మొత్తం’ కాలమ్ దగ్గర ఉంది. చివరి తేదీ తర్వాత చేరిన కాలమ్ కూడిక పరిధికి బయట పడుతుంది, ఆ సాయంత్రం గంటలు లెక్కలోకి రావు. అందుకే మొత్తానికి ముందు ఒక సన్నటి కాలమ్ ఎప్పుడూ ఖాళీగా ఉంచి, దాన్నీ కూడికలో కలిపాను. ఎనిమిది గంటలు దాటిన పనికి (ఓవర్‌టైమ్, అంటే ఓటీ) 25 శాతం అదనం రావాలి, గంట పోతే ఊరికే పోదు.

మా క్యాంపులో సగం మంది కవిటి, కంచిలి, సోంపేట వాళ్లే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి చెట్లను కూల్చేశాక వచ్చినవారూ ఉన్నారు. తమ వరుస ఫోనులో చూసుకునే వీలుంది కాబట్టి వార్త మాకంటే ముందే ఊరు చేరుతుంది. మర్నాడు పొద్దున్నే ఒక కుర్రాడి తండ్రి వచ్చాడు.

“మా వాడికి సాయంత్రం గడులన్నీ ఖాళీగా ఉన్నాయట బాబూ, జీతం కోస్తారా?”

“లేదు మామయ్యా, ఆ రోజులు ఇంకా రాలేదు. సున్నా కనిపిస్తే అప్పుడు అడగండి.”

అకౌంట్స్ వాళ్లు ఖాళీ గడుల్లో సున్నాలు నింపమంటారు, చూడటానికి బాగుంటుందట. నేను ఒప్పుకోను. ఖాళీ అంటే ఇంకా రాయలేదని, సున్నా అంటే పనికి రాలేదని. సెప్టెంబర్ దాటాక ఆ కాలమ్‌లను తీసేయమని కూడా అంటారు. దాచిపెడతాను తప్ప తీసేయను. ఓటీ తేడా అడిగేవాళ్లు సంక్రాంతికి ఊరు బయల్దేరే ముందే వస్తారు.