లీత్‌లో శనివారం, రెండు షెర్రీ పీపాలు

పొద్దున్నుంచీ సన్నగా వాన. వారమంతా వాయిదా పడ్డ పనులన్నీ ఇవాళే. బట్టలు ఉతుక్కోవాలి, ఇల్లు ఊడ్చుకోవాలి, కందిపప్పు, కరివేపాకు తెచ్చుకోవాలి. సాయంత్రం మిత్రుడు వస్తానన్నాడు. రెండు సింగిల్ మాల్ట్ విస్కీ (ఒకే చోట, మొలకెత్తించిన బార్లీతో కాచినది) సీసాలు పక్కపక్కన పెట్టుకుని నింపాదిగా రుచి చూద్దామని చాన్నాళ్లుగా అనుకుంటున్నాం. అందుకే మధ్యాహ్నమే వంట ముగించేశాను. ఇంట్లో పప్పుచారు పోపు వాసన తిరుగుతుంటే విస్కీ వాసన పట్టడం కుదరదు. ఇంగువ ముందు ఏ పీపాలో పండిన విస్కీ అయినా తలవంచాల్సిందే. కిటికీలు కాస్త తెరిచిపెట్టి బజారుకు బయల్దేరాను.

వచ్చేటప్పుడు కావాలనే గైల్స్ వీధి మీదుగా నడిచాను. అక్కడ ‘ది వాల్ట్స్’ అనే పాత రాతి కట్టడం ఉంది. ఒకప్పుడు వైన్ గోదాం. 1983లో పుట్టిన స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ ఇప్పుడు అందులో ఉంటోంది. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఈ రేవులో పీపాలు దొర్లిన రోజులు గుర్తుచేసుకోవడం నాకు అలవాటు. ఫ్రాన్స్ నుంచి క్లారెట్ అనే ఎర్ర వైన్, దక్షిణ స్పెయిన్‌లోని హెరెస్ నుంచి షెర్రీ అనే ఘాటు వైన్, పీపాలకు పీపాలు ఓడల్లో ఎడిన్‌బరో రేవైన ఈ లీత్‌కి దిగేవి. ఇక్కడి వర్తకులు షెర్రీని సీసాల్లో నింపి అమ్ముకునేవారు. ఖాళీ పీపాని మళ్లీ స్పెయిన్ దాకా మోయించడం దండగ. పక్కనే విస్కీ వాళ్లకి, విస్కీని ఏళ్ల తరబడి ఉంచి పండించడానికి, పీపాలు కావాలి. చవగ్గా దొరికే గట్టి కొయ్యని ఎవరొద్దంటారు? షెర్రీ పీపా విస్కీ అని ఇవాళ మనం ఇంత ఖరీదు పెట్టి కొంటున్న రుచి అలా, వర్తకుల లెక్కల్లోంచి పుట్టింది.

ఆ దారి 1986లో మూసుకుపోయింది. షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపి పంపాలన్న నియమం వచ్చింది. పీపాల్లో షెర్రీ రావడం ఆగింది, ఖాళీ పీపాలూ ఆగాయి. మరి ఇప్పుడు దొరికే షెర్రీ పీపాలు ఎక్కడివి? చాలామంది ఊహించుకునేది వేరు. హెరెస్ గోదాముల్లో వందేళ్లుగా షెర్రీ పండుతున్న నల్లటి పీపాలు స్కాట్లండ్‌కి వస్తాయనుకుంటారు. వాటిని అక్కడివాళ్లు అంత తేలిగ్గా వదులుకోరు. పైగా ఆ పీపాలు ఎక్కువగా అమెరికన్ ఓక్‌వి, ఏళ్ల తరబడి వాడి వాడి కొయ్యలో సారమంతా పోయినవి. షెర్రీ చేసేవాళ్లకి కావలసిందీ అదే, వాళ్ల వైన్‌కి కొయ్య రుచి అంటకూడదు.

విస్కీ కోసం వచ్చేవి వేరే పీపాలు. ఉత్తర స్పెయిన్ అడవుల్లోని యూరోపియన్ ఓక్‌నో, అమెరికా నుంచి తెప్పించిన ఓక్‌నో కోసి, ఆరుబయట ఆరబెట్టి, కొత్త పీపాలు కడతారు. అందులో ఒలొరోసో అనే ముదురు రకం షెర్రీ పోసి ఏడాదో రెండేళ్లో ఉంచుతారు. ఆ షెర్రీని తాగడానికి అమ్మరు. దాన్ని పీపాల మీద పీపాలకి మార్చి వాడుకుని, చివరికి వెనిగర్ కిందకో, బట్టీ పెట్టడానికో పంపేస్తారు. పీపాని పదును చేయడమే దాని పని. ఒక్కో పీపా దాదాపు 500 లీటర్లు పడుతుంది. ఈ సంగతి తెలిశాక షెర్రీ పీపాల మీద మోజు పోయిందని కొందరంటారు. నాకు మాత్రం గౌరవం పెరిగింది. ఓక్ చెట్టు ఎదగడానికే వందేళ్లు. ఆపైన కొయ్య ఆరడానికి, వైన్ పీల్చుకోవడానికి కొన్నేళ్లు. అందులో విస్కీ మరో పన్నెండేళ్లో పదిహేనేళ్లో. ఇంత దూరం చూసి ఇవాళ కొయ్య కొనిపెట్టే మనుషులున్నారంటే, గ్లాసు ముందు కూర్చున్నప్పుడు తొందరపడటానికి నాకు మనసొప్పదు.

ఆరింటికి మిత్రుడు వచ్చాడు. హనుమకొండ వాడు, నాకంటే చాలా చిన్నవాడు. గుమ్మంలోనే గొడుగు దులుపుకుంటూ, “కారు తేలేదన్నా, ట్రామ్‌ల వచ్చిన” అన్నాడు. మంచి పని చేశాడు. 2014 డిసెంబరు నుంచి స్కాట్లండ్‌లో తాగి బండి నడిపేవాళ్లకి పరిమితి ఇంగ్లండ్ కంటే కఠినం. చిన్న పెగ్గు పడ్డా స్టీరింగు ముట్టుకోకపోవడమే మేలు. 2023లో ట్రామ్ లైను న్యూహేవెన్ దాకా వచ్చినప్పటి నుంచి మాకు ఆ బెంగ తీరింది.

సీసాలు రెండూ స్కాట్లండ్ ఈశాన్యం నుంచి వచ్చినవే. ఒకటి గ్లెన్‌ఫార్‌క్లస్ 15 ఏళ్లది, 46 శాతం ఆల్కహాల్. రెండోది గ్లెన్‌డ్రోనక్ 12 ఏళ్లది, 43 శాతం. మొదటిది ఒలొరోసో పీపాలది. రెండోదానిలో ఒలొరోసోతో పాటు పెద్రో హిమెనెస్ పీపాలూ కలుస్తాయి. పెద్రో హిమెనెస్ ద్రాక్షని కోశాక చాపల మీద ఎండబెట్టి, కిస్‌మిస్‌లా ముడుచుకున్నాక పిండుతారు. ఆ షెర్రీ పాకంలా జారుతుంది. ఆ తీపి ఛాయ పీపాలోంచి విస్కీ దాకా వస్తుంది.

తులిప్ పువ్వులా మూతి దగ్గరికొచ్చే గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి, ఇరవై నిమిషాల పాటు వదిలేశాం. ఇది నేను ఎవరికైనా మొదట చెప్పే మాట. సీసా తెరవగానే వచ్చేది ఆల్కహాల్ ఘాటు. అది కాస్త తగ్గాక కానీ లోపలున్నవి పైకి రావు. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీల్చితే ఏమీ తెలీదు, ముక్కు మొద్దుబారుతుంది. గ్లాసు గడ్డం దగ్గర పెట్టుకుని, పెదాలు కాస్త విడిచి, మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు.

గ్లెన్‌డ్రోనక్ ముందు పలికింది. ఎండు ద్రాక్ష, ఖర్జూరం, వెనకాల ఉడుకుతున్న నారింజ తొక్క. మిత్రుడు కళ్లు మూసుకుని, “అన్నా, ఖర్జూరాలు నానబెట్టిన నీళ్ల వాసనొస్తుంది” అన్నాడు. సరిగ్గా పట్టాడు. నోట్లో మెత్తగా, నిండుగా పరుచుకుంది. మింగాక అల్లం బిస్కెట్టు లాంటి వెచ్చదనం, చివర్లో కాస్త చాక్లెట్ చేదు. ఎవరికైనా మొదటి గుక్కలోనే నచ్చేస్తుంది.

గ్లెన్‌డ్రోనక్ కాచే డిస్టిలరీ గురించి ఒక ముచ్చట అతనికి చెప్పాను. అది 1996లో మూతపడి 2002లో మళ్లీ తెరుచుకుంది. సీసా మీద రాసే వయసు అందులోని అతి చిన్న విస్కీది. కాబట్టి 2013లో నింపిన ‘12 ఏళ్ల’ సీసాలో 2002 తర్వాతి సరుకు ఉండే వీలే లేదు, అంతా 1996కి ముందు కాచిందే అవ్వాలి. అంటే తక్కువలో తక్కువ పదహారు, పదిహేడేళ్లది. ఆ రోజుల్లో కొన్నవాళ్లు లేబుల్ మీదున్న వయసు డబ్బులే ఇచ్చి, ఇంకా ముదురు విస్కీ తాగారు. మిత్రుడు వేళ్ల మీద లెక్కేసి చూసుకుని చాలాసేపు సంబరపడ్డాడు.

గ్లెన్‌ఫార్‌క్లస్ అంత త్వరగా బయటపడదు. మొదట్లో కొయ్య, పాత పుస్తకాల అలమార, వాల్‌నట్ తొక్క. పది నిమిషాలకి లవంగం. ఇంకాసేపటికి కమలాపండు. నోట్లో పెట్టుకుంటే తీపి వెంటనే వగరు, ఓక్ కొయ్య ఇచ్చే అసలైన వగరు, నాలుక పక్కల్ని పట్టుకుంటుంది. ఆ వగరు వెనక ఇంకోటుంది, బార్లీ మాల్ట్. షెర్రీ ఎంత పట్టినా ఈ విస్కీలో ధాన్యం దాక్కోదు. నాకు ఈ విస్కీ ఇష్టం కావడానికి కారణమే అది.

ధాన్యం అలా దాక్కోకపోవడానికో కారణం సారా కాచే బట్టీల్లో ఉంది. గ్లెన్‌ఫార్‌క్లస్‌లో ఇప్పటికీ రాగి బట్టీల కింద నేరుగా మంట పెడతారు. మిగతా చోట్ల చాలావరకు ఆవిరి గొట్టాలతో వేడి చేస్తారు. 1981లో వీళ్లూ ఆవిరి పెట్టి చూశారు. వచ్చిన సారా తమది అనిపించలేదు, మళ్లీ మంటకే తిరిగారు. అలా బరువుగా దిగిన సారా కాబట్టే షెర్రీ పీపా దాన్ని మింగేయలేదు. పల్చటి సారాని అదే పీపాలో పదిహేనేళ్లు పడేస్తే చివరికి మిగిలేది కొయ్య, ద్రాక్షే. 1865లో కొన్న గ్రాంట్ కుటుంబమే ఇవాళ్టికీ ఆ డిస్టిలరీని నడుపుతోంది. ఇలాంటి పట్టుదల అలాంటి ఇళ్లల్లోనే సాధ్యమని నా నమ్మకం.

తర్వాత నీళ్లు. చెంచాతో రెండు చుక్కలే. గ్లెన్‌ఫార్‌క్లస్ నీళ్లు పడగానే విచ్చుకుంది, కమలాపండు ముందుకొచ్చింది, వగరు వెనక్కి తగ్గింది. 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు దీన్ని కంప్యూటర్ మీద పరిశీలించారు. విస్కీ వాసనకి ముఖ్యమైన గ్వయకోల్ అనే పదార్థం, ఆల్కహాల్ ఎక్కువగా ఉన్నప్పుడు లోపలే చిక్కుకుని ఉంటుంది, నీళ్లు కలిపి 45 శాతం దాకా తగ్గిస్తే గాలికి తగిలే పైపొరకి చేరుతుంది. నీళ్లు కలిపితే విస్కీ పాడైనట్టేనని గట్టిగా వాదించేవాళ్లకి ఇది చెబుతుంటాను. గ్లెన్‌డ్రోనక్‌లో మాత్రం నీళ్లు పోయలేదు, 43 శాతం దగ్గర దానికి అవసరం కనిపించలేదు.

రంగు మాట వచ్చింది. “నల్లగుంటే మంచిదా అన్నా?” అని అడిగాడు. కాదు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. ముదురు రంగు చూసి ఎక్కువ డబ్బు పెట్టేవాళ్లున్నంత కాలం కలిపేవాళ్లూ ఉంటారు. రెండోసారో మూడోసారో వాడిన షెర్రీ పీపాలోంచి లేత గడ్డి రంగులో వచ్చే విస్కీలు కొన్ని ఎంత బాగుంటాయో! వాటిని రంగు చూసి పక్కనపెట్టేస్తే నష్టం మనదే. ఇంకోటి, గంధకం. పీపాలు పాడవకుండా లోపల గంధకం వెలిగించే అలవాటు ఉండేది. అది ఎక్కువైతే విస్కీలో అగ్గిపుల్ల గీసిన వాసన, రబ్బరు వాసన వస్తాయి. కొందరి ముక్కుకి అది అసలు తెలియనే తెలియదు, కొందరికి ఇసుమంతైనా భరించలేనిది. ఇవాళ రెండింటిలోనూ అది లేదు.

తొమ్మిదింటికి పప్పుచారు వేడిచేసి అన్నం పెట్టాను. తిన్నాక విస్కీ ముట్టుకోలేదు, ముట్టుకున్నా తెలిసేదేమీ ఉండదు. వెళ్లే ముందు అడిగాడు, ఒక్కటే కొనాలంటే ఏది కొనమంటావని. ఇంటికొచ్చిన వాళ్లకి పోయడానికైతే గ్లెన్‌డ్రోనక్, నీ కోసమైతే గ్లెన్‌ఫార్‌క్లస్ అన్నాను. అతను గ్లెన్‌డ్రోనక్ వైపే ఉన్నాడు. ఉండనీ, ఆ ఖర్జూరం అతన్ని పట్టుకుంది.

వచ్చేసారికి బెంగళూరు నుంచి అమృత్ వాళ్ల ఇంటర్మీడియట్ షెర్రీ పెట్టుకుందామని తేల్చుకున్నాం. బోర్బన్ అనే అమెరికా విస్కీ పండిన పీపాల్లో, కొత్త ఓక్ పీపాల్లో మొదలుపెట్టి, మధ్యలో షెర్రీ పీపాలోకి మార్చి, మళ్లీ బోర్బన్ పీపాకి తెస్తారు దాన్ని. ఇక్కడి చలిలో పీపా నుంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైతే, అక్కడి వేడికి పది శాతం పైనే పోతుంది. అంత వేగంగా పండే చోట షెర్రీ కొయ్య పదిహేనేళ్ల పని కొద్ది ఏళ్లలో చేస్తుందా, లేక వగరు ఒక్కటే ముందొచ్చి కూర్చుంటుందా అన్నది చూడాలి. సీసా నేను కొంటానన్నాను, అతను సకినాలు తెస్తానన్నాడు. రుచి చూడటం అయ్యాకే తినాలని గట్టిగా చెప్పి ట్రామ్ ఎక్కించాను.