సైతాను రొద, జానీ పాట: ఒకే ఫిడేలుపై రెండు చేతులు

అమెరికన్ కంట్రీ సంగీత బృందం చార్లీ డేనియల్స్ బ్యాండ్ 1979లో తెచ్చిన 'ది డెవిల్ వెంట్ డౌన్ టు జార్జియా' పాటలో సైతాను, జానీ అనే కుర్రాడు ఫిడేలు (వయొలిన్) మీద పందెం వేసుకుని వంతులవారీగా వాయిస్తారు. దీన్ని నేర్చుకునేవాళ్లు చాలామంది ముందు సైతాను వంతు మీదే పడతారు. చెవికి అదే ఘాటుగా తగులుతుంది మరి. కానీ పందెం గెలిచేది జానీ. సైతానుది బాణీ లేని ఉత్త రొద అని బ్యాండ్ నాయకుడు డేనియల్సే చెప్పేవారు. ఆ తేడా వినిపించనప్పుడు ఎంత వేగంగా వాయించినా కథ నిలబడదు.

అసలు బాణీ ఫిడేలు కళాకారుడు వాసర్ క్లెమెంట్స్‌ది: 'లోన్‌సమ్ ఫిడిల్ బ్లూస్'. 1975లో అది వచ్చిన ఆల్బమ్‌లో డేనియల్స్ గిటార్ వాయించారు. తర్వాత ఆయన బ్యాండ్ దాన్ని ఒక స్థాయి పైకి ఎత్తి మాటలు కట్టింది. అమెరికా కంట్రీ పాటల చార్టులో మొదటి స్థానం, అన్ని రకాల పాటల చార్టు హాట్ 100లో మూడో స్థానం, గ్రామీ అన్నీ ఈ పాటకు దక్కాయి.

పాట డి మైనర్ స్వరశ్రేణిలో నడుస్తుంది. ఇక్కడ తప్పేది చూపుడు వేలు. ఎ తీగ మీద బి ఫ్లాట్, ఇ తీగ మీద ఎఫ్, రెండూ ఓపెన్ (వేలు పెట్టని తీగ) స్వరానికి అర మెట్టు పైనే ఉంటాయి. డి మేజర్, ఎ మేజర్ పాటలకు అలవాటుపడిన వేలు పూర్తి మెట్టు దగ్గర వాలి శ్రుతి పెంచేస్తుంది. వేలిని మాత్రమే వెనక్కి మడవాలి. చెయ్యంతా జరిపితే మిగతా వేళ్లూ తప్పుతాయి.

జానీ వంతుకు ఒక పొడవు, రెండు పొట్టి దెబ్బల షఫుల్ అనే కమాను లయతో సాధన మొదలుపెట్టండి. పొట్టిదానికి మూడు సెంటీమీటర్ల కమాను, పొడవుదానికి ఆరు. ఈ లెక్క తప్పకుంటే రెండు వరసలయ్యేసరికి కమాను బయలుదేరిన చోటికే వస్తుంది. పొడవు దెబ్బ ఒకసారి కిందికి, మరోసారి పైకి పడుతుంది. పైకి వెళ్లేది నీరసపడటం వల్లే లయ కుంటుతుంది. దాన్నొక్కదాన్నే విడిగా సాధన చేయాలి. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 70 దగ్గర పెట్టి, టిక్కుకు నాలుగు పొట్టి స్వరాల లెక్కన, వరసగా మూడుసార్లు శుభ్రంగా వచ్చాకే నాలుగు పెంచండి. తీగ మారేటప్పుడు భుజం లేస్తోందంటే ఆ వేగం ఇంకా మీది కాదు.

సైతాను వంతులో డేనియల్స్ ఏడు ఫిడేళ్లను ఒకదానిపై ఒకటి రికార్డు చేశారు. ఒక్క ఫిడేలుతో ఆ మందం రాదు, దాని కోసం పాకులాడొద్దు. ఓపెన్ ఇ తీగనూ, ఎ తీగ మీద ఇ ఫ్లాట్‌నూ కలిపి, కమానును బ్రిడ్జికి (తీగలను మోసే చెక్కముక్కకు) దగ్గరగా నొక్కి లాగండి. అర మెట్టు తేడాలో రెండు స్వరాలు కొట్టుకుని గరగరమంటాయి, కావలసింది అదే. ఇంకా కరుకుదనం కోసం రోజిన్ (కమాను వెంట్రుకలకు రుద్దే జిగురు ముద్ద) దట్టంగా పూస్తే జానీ స్వరాలకూ ఆ బరక అంటుకుంటుంది. మూడు నాలుగు సార్లు పూస్తే చాలు.

కుటుంబ వేడుకల్లో పాడేవాళ్లు రేడియో కోసం మార్చిన మాటే వాడటం మంచిది. చివర్లో ఒక తిట్టు ఉంది.

వేదిక మీద సైతాను వంతే ముందొస్తుంది. ఆ నొక్కుడుతో బిగిసిన చేతితోనే జానీ మొదలవుతాడు. అందుకే మధ్యలో పాడే చరణంలో కమాను చేతిని పూర్తిగా కిందికి వేలాడదీసి, బొటనవేలు వదులు చేసుకోండి. జానీ మొదటి స్వరానికి కమాను బ్రిడ్జికి దూరంగా, వేలిబోర్డు వైపు రావాలి.